నాణెం అక్కర్లేదు... నియమం కావాలి!

తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కిన పిల్లవాడిని నాలుగు చుట్లు తిరగ్గానే దిగమంటే ఏడుపు ముంచుకొస్తుంది. రాట్నం వాడి లెక్క వేరు. ఒక విడతను ఎంత త్వరగా దించితే అంత త్వరగా మరో విడత ఎక్కుతుంది. అతని చిల్లర డబ్బా నిండేది అలాగే. 1970, 80 దశకాల్లో జపాన్‌లోనూ, అమెరికాలోనూ వెలిసిన వీడియో ఆటల పెట్టెలు కూడా ఇదే లెక్క మీద నడిచాయి. నిలువెత్తు పెట్టె, అందులో టీవీ లాంటి తెర, ముందు ఒక పిడి, కింద నాణెం వేసే కంత. నాణెం పడితే ఆట మొదలు. ఓడితే మళ్లీ నాణెం.

ఆ పెట్టెల్లో చాలా భాగం మూలన పడ్డాయి. ఆటలు మాత్రం బతికి బట్టకట్టాయి. రెండు చేతుల్లో ఇమిడే చిన్న యంత్రాల్లోకి చేరాయి. వీటినే చేతి కన్సోళ్లంటున్నారు. వీటిలో నాణెం అక్కర్లేదు. ఒక మీట నొక్కితే నాణెం పడినట్టే. వందసార్లు నొక్కినా పైసా ఖర్చు లేదు. వినడానికి బాగానే ఉంది. కానీ నాణెం కోసమే పుట్టిన ఆటలోంచి నాణేన్ని తీసేస్తే ఇక మిగిలేదేమిటి? పాత ఆటలను కొత్త యంత్రం మీద ఆడే ప్రతివారికీ ఎదురయ్యే ప్రశ్న ఇదే.

డబ్బా నిండి ఆగిన యంత్రం

1972లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, సన్నీవేల్ పట్టణంలో ఒక బారులో అటారీ సంస్థ 'పాంగ్' అనే ఆట పెట్టెను పరీక్ష కోసం ఉంచింది. రెండు గీతలు, మధ్యన బంతిలా ఒక చుక్క. అంతే ఆట. కొద్ది రోజులకే యంత్రం పనిచేయడం లేదని కబురొచ్చింది. దాన్ని తయారు చేసిన అలన్ ఆల్కార్న్ వెళ్లి విప్పి చూస్తే యంత్రానికి ఏ జబ్బూ లేదు. నాణేలు నిండి పొర్లిపోయి, కొత్తది పట్టక ఆగిపోయింది.

ఆరేళ్ల తర్వాత, 1978లో జపాన్‌లోని టైటో సంస్థ నుంచి 'స్పేస్ ఇన్వేడర్స్' వచ్చింది. రూపొందించినవారు టొమొహిరో నిషికడో. ఈ పిచ్చి జపాన్‌ను ఎంతగా ఊపేసిందంటే, 100 యెన్ల నాణేలన్నీ ఈ పెట్టెల్లోకే పోయి దేశంలో చిల్లర కరువొచ్చిందని కథలు పుట్టాయి. అవి కథలేనని తర్వాత లెక్కలు తీసినవారు తేల్చారు. అయినా అంత మాట పుట్టిందంటేనే గిరాకీ ఎంతటిదో తెలుస్తుంది.

ఆ ఆటలో 5 వరుసల్లో, వరుసకు 11 చొప్పున 55 వింత జీవులుంటాయి. అటూ ఇటూ జరుగుతూ మెట్టు మెట్టుగా కిందికి దిగుతాయి. అవి నేల తాకేలోగా కాల్చి పడేయాలి. కాల్చిన కొద్దీ మిగిలినవి వేగం పుంజుకుంటాయి. దీని వెనుక ఒక తమాషా ఉంది. యంత్రం సెకనుకు 60 సార్లు తెరను మార్చేది. ఒక్కోసారి ఒక్కో జీవిని మాత్రమే కదిలించేది. 55 ఉన్నప్పుడు అన్నీ ఒక అడుగు వేయడానికి దాదాపు ఒక సెకను పట్టేది. చివరికి ఒక్కటే మిగిలితే దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు! యంత్రం చేతగానితనమే ఆటకు గుండెదడ తెచ్చిపెట్టింది. నిషికడో దాన్ని సరిదిద్దకుండా అలాగే ఉంచేశారు.

నాలుగు దయ్యాలు, నాలుగు గుణాలు

1980లో నామ్కో సంస్థ 'పాక్-మ్యాన్'ను తెచ్చింది. దాన్ని రూపొందించిన తోరు ఇవతానికి అప్పుడు 25 ఏళ్లు. ఆటల గదుల నిండా మగపిల్లలే. ఆటలన్నీ కాల్చుడు, పేల్చుడు. ఆడపిల్లలు కూడా రావాలంటే ఏం చేయాలని ఆలోచించి, తిండిని కథావస్తువుగా తీసుకున్నారాయన. ఒక ముక్క తీసేసిన పిజ్జాలా, అంటే ఓ పక్క తుంచిన గుండ్రటి రొట్టెలా ఉంటుంది అందులోని కథానాయకుడి రూపం. నోరు తప్ప మరేమీ లేదు. సందుల్లో తిరుగుతూ 240 చిన్న చుక్కలు, 4 పెద్ద చుక్కలు తినేయాలి. నాలుగు దయ్యాలు వెంటపడతాయి. పెద్ద చుక్క తిన్న కాసేపు మాత్రం దయ్యాలే బెదిరి పారిపోతాయి.

ఈ నాలుగూ ఒక తీరు కావు. ఎర్రది నేరుగా తరుముతుంది. గులాబీ రంగుది మన ముందు నాలుగు గళ్ల దూరాన్ని గురి చూసి దారి కాస్తుంది. నీలం రంగుది ఎర్రదాని చోటునూ, మన చోటునూ కలిపి లెక్క వేసుకుంటుంది. నారింజ రంగుది దూరంగా ఉంటే తరుముతుంది, దగ్గరపడితే తన మూలకు మళ్లిపోతుంది. తరిమేటప్పుడు వీటి నడకలో అదృష్టం పాలు లేదు. మనం ఒకే దారిలో ఒకే వేగంతో వెళ్తే అవీ అదే తీరున కదులుతాయి. అందుకే ఆ రోజుల్లో గట్టి ఆటగాళ్లు దారులన్నీ ఎక్కం అప్పజెప్పినట్టు బట్టీ పట్టేవారు.

ఇంత ఆటకు రాసిన ప్రోగ్రాం ఎంతని? 16 కిలోబైట్లు! సెల్‌ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటోకు పట్టే చోటులో అలాంటి ప్రోగ్రాములు వందకు పైగా ఇమిడిపోతాయి. చోటు లేదు కాబట్టి పొల్లు మాట లేదు. నాణెం పడిన మరుక్షణమే ఆట. సోది లేదు, ఉపోద్ఘాతం లేదు. చేతి యంత్రం మీద పది నిమిషాలు తీరిక దొరికినవాడికి ఈ ఆటలు ఇప్పటికీ అతికినట్టు సరిపోవడానికి కారణం ఇదే.

పిడి పోయి... కూడిక గుర్తు వచ్చింది

పెద్ద పెట్టె మీది ఆటను చేతిలోకి తెచ్చే ప్రయత్నం కొత్తది కాదు. జపాన్‌లోని క్యోటోలో 1889లో పేకముక్కలు చేయడంతో మొదలైన సంస్థ నింటెండో. అందులో 1965లో యంత్రాల మరమ్మతు పనికి చేరిన గున్‌పే యొకోయ్ తర్వాత బొమ్మల తయారీలోకి మారారు. రైలులో ఒక ప్రయాణికుడు తోచక క్యాలిక్యులేటర్ మీటలు నొక్కుకుంటూ కూర్చోవడం చూసి ఆయనకు చేతి ఆట ఆలోచన వచ్చిందంటారు. 1980లో 'గేమ్ అండ్ వాచ్' పేరుతో అది బయటికొచ్చింది.

1981లో నింటెండో ఆట పెట్టె 'డాంకీ కాంగ్' విజయవంతమైంది. మరుసటి ఏడే దాన్ని చేతి బొమ్మగా చేయాల్సి వచ్చింది. పెద్ద పెట్టె పిడి ఇందులో పట్టదు. అప్పుడు యొకోయ్ కూడిక గుర్తు ఆకారంలో ఒకే మీట చేశారు. నాలుగు కొసలు నాలుగు దిక్కులు. చూడకుండానే బొటనవేలికి తెలిసిపోతుంది. ఇప్పటి చేతి కన్సోళ్లలో ఎన్నో ఆ మీటతోనే వస్తున్నాయి. అయితే 1982 నాటి ఆ చేతి బొమ్మలో పేరు మాత్రమే డాంకీ కాంగ్. తెర మీద ముందే అచ్చు వేసినట్టున్న బొమ్మలు వెలగడం, ఆరడమే తప్ప పెద్ద పెట్టెలోని అసలు ఆట అందులో లేదు.

మన వైపు కూడా ఈ చేతి ఆటల గాలి వీచింది. 1990 దశకంలో తిరునాళ్ల అంగళ్లలో 'బ్రిక్ గేమ్' అమ్మేవారు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారు చేసిన 'టెట్రిస్' ఆటకు అది నకలు. డబ్బా మీద '9999 ఆటలు' అని ఉండేది. విప్పి చూస్తే పట్టుమని పాతిక ఆటలు కూడా తేలేవి కావు. వేగం మార్చి, మెట్టు మార్చి ఒక్కోదాన్నీ కొత్త ఆటగా లెక్క కట్టేవారు.

వేషం కట్టే యంత్రం

మరి ఇప్పటి చేతి కన్సోల్‌లో ఉన్నది అసలు ఆటేనా, నకలా? పాత ఆటను కొత్త యంత్రం మీదికి తేవడానికి రెండు దారులున్నాయి. చూడ్డానికి అలాగే ఉండే ఆటను కొత్తగా రాసుకోవడం ఒకటి. రెండోది ఎమ్యులేటర్. అంటే కొత్త యంత్రం పాత యంత్రం వేషం కడుతుంది. పాత చిప్ ఎంత వేగంతో, ఏ వరుసలో పనిచేసేదో అచ్చం అలాగే నటిస్తుంది. పాత ఆట ప్రోగ్రాం అక్షరం మారకుండా అందులో నడుస్తుంది. పాపం, దానికి ఇల్లు మారిన సంగతే తెలియదు!

వేషం బాగా కుదిరిందా లేదా అనడానికి గుర్తు ఏమిటంటే, లోపాలు కూడా రావాలి. స్పేస్ ఇన్వేడర్స్‌లో చివరి జీవి అలాగే పరుగెత్తాలి. పాక్-మ్యాన్‌లో 256వ మెట్టు దగ్గర తెర కుడి సగం చెత్త అక్షరాలతో నిండిపోవాలి. మెట్ల లెక్క దాచుకోవడానికి ఆ రోజుల్లో ఇచ్చిన చోటులో 255 దాకానే అంకెలు పడతాయి. ఆపైన లెక్క తప్పి పండ్ల బొమ్మలు గీసే పని గాడి తప్పుతుంది. ఆ మెట్టులో తినడానికి సరిపడా చుక్కలుండవు, ఆట అక్కడితో ముగిసినట్టే. నిఖార్సయిన ఎమ్యులేటర్ ఆ తప్పును కూడా సరిదిద్దకుండా అప్పగిస్తుంది.

ఈ పనికి పేరుపడ్డ 'మేమ్' అనే ఉచిత ప్రోగ్రామును ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997 ఫిబ్రవరిలో విడుదల చేశారు. పాక్-మ్యాన్ తరహా యంత్రాలతో మొదలై, ఎందరో ఔత్సాహికుల చేయి పడి వేల యంత్రాలకు విస్తరించింది. ఆడుకోవడం కన్నా, పాత యంత్రాలు ఎలా పనిచేసేవో నమోదు చేసి ఉంచడమే దాని ధ్యేయం.

ఆ అవసరం ఉందా అంటే ఉంది. మన గుడి అరుగుల మీద పులి-మేక గళ్లు చెక్కి ఉంటాయి. చెక్కినవారెవరో తెలియకపోయినా నాలుగు గులకరాళ్లుంటే ఆట సాగుతుంది. వీడియో ఆటకు ఆ భాగ్యం లేదు. చిప్‌లో దాచిన అక్షరాలు ఏళ్లు గడిచే కొద్దీ చెరిగిపోతాయి. 1993 నుంచి క్యాప్‌కామ్ సంస్థ వాడిన ఒక రకం పలకల్లో దొంగ నకళ్లను అడ్డుకోవడానికి తాళం చెవి లాంటి అంకెలను చిన్న బ్యాటరీ ఆధారంగా నిలిపేవారు. బ్యాటరీ అయిపోయిన రోజే ఆట చచ్చిపోయేది. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం బజారులో దొరకడం లేదని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అధ్యయనం తేల్చింది.

ఇప్పుడు కొన్ని సంస్థలు హక్కుదారుల అనుమతితో పాత ఆటలను తిరిగి తెస్తున్నాయి. జపాన్‌కు చెందిన హ్యామ్‌స్టర్ సంస్థ 'ఆర్కేడ్ ఆర్కైవ్స్' పేరిట నింటెండో స్విచ్ వంటి కన్సోళ్లకు ఒక్కొక్కటిగా అందిస్తోంది. 1981 నాటి అసలైన డాంకీ కాంగ్ 2018 జూన్‌లో ఈ వరుసలోనే స్విచ్ మీదికి వచ్చింది. చేతికి ఉన్నదున్నట్టుగా చేరడానికి 37 ఏళ్లు పట్టిందన్నమాట.

తెరను నిలబెడితే...

ఆ రోజుల్లో చాలా పెట్టెల తెరలు నిలువుగా ఉండేవి. పాక్-మ్యాన్ బొమ్మ వెడల్పు 224 చుక్కలు, ఎత్తు 288 చుక్కలు. నేటి చేతి కన్సోల్ తెర అడ్డం. 2017లో వచ్చిన స్విచ్ తెర వెడల్పు 1280, ఎత్తు 720 చుక్కలు. అడ్డంగా పట్టుకుంటే పాత బొమ్మను సరిగ్గా రెండింతలు చేయవచ్చు, మూడింతలు చేస్తే ఎత్తు చాలదు. రెండు పక్కలా బోలెడు చోటు వృథా. అదే తెరను నిలువుగా తిప్పితే మూడింతల బొమ్మ హాయిగా పడుతుంది. స్విచ్ పక్క పిడులు ఊడదీసి తెరను నిలువుగా ఆనించి ఆడేవారు అందుకే ఉన్నారు. అంకె సరిగ్గా రెండో, మూడో కాకుండా మధ్యలో ఉంటే చుక్కలు కొన్ని లావుగా, కొన్ని సన్నగా కనిపించి కంటికి ఇబ్బంది.

మీట సంగతీ అంతే. పాక్-మ్యాన్‌లో మలుపు రాకముందే దిక్కు నొక్కి ఉంచితే మూల కోసుకుని తిరుగుతుంది. దయ్యాలకు ఆ వెసులుబాటు లేదు. ఒక్కో మలుపులో ఇలా కాస్త కాస్త దూరం కూడబెట్టుకోవడమే బతికే కిటుకు. పక్క సొరంగంలో దయ్యాల నడక మందగిస్తుంది, అదొక ఆసరా. సెల్‌ఫోన్ అద్దం మీద వేలు జారిస్తే ఈ లెక్క కుదరడం కష్టం. కూడిక గుర్తు మీట కిందికి దిగినట్టు వేలికి తెలిస్తేనే చేయి కుదురుతుంది.

ఆడేవాడే అంగడివాడు

పాత పెట్టె లోపల కొన్ని చిన్న మీటలుండేవి. తాళం తీసి అంగడివాడు వాటిని మార్చుకునేవాడు. పాక్-మ్యాన్‌లో ఒక్క నాణేనికి 1 ప్రాణం ఇవ్వాలా, 2 ఇవ్వాలా, 3 ఇవ్వాలా, 5 ఇవ్వాలా అన్నది అతని ఇష్టం. ఎన్ని మార్కులకు అదనపు ప్రాణం దక్కుతుందో కూడా అతని చేతిలోదే. అసలు ఇవ్వకుండా కూడా పెట్టవచ్చు. ఆడేవాడికి ఆ మీటలు కనిపించేవి కావు.

చేతి కన్సోల్‌లో ఈ మీటలన్నీ ఆడేవాడి ముందే ఉంటాయి. ప్రాణాలు పెంచుకోవచ్చు. కావలసినన్ని నాణేలు వేసుకోవచ్చు. ఓడబోయే ముందు ఆటను దాచి, అక్కడి నుంచే మళ్లీ మొదలెట్టవచ్చు. అంగడివాడూ తనే, బేరగాడూ తనే. ఇక తూకం సరిగ్గా వేసేదెవరు?

చిక్కు ఇక్కడే వస్తోంది. నాణేలు గుమ్మరించి ఆడితే ఎంత కఠినమైన ఆటైనా అరగంటలో 'ముగుస్తుంది'. మరి దాన్ని ఇంకోసారి ముట్టబుద్ధి కాదు. చచ్చినా ఏమీ పోదనుకున్నప్పుడు దయ్యం ఎటు వస్తోందో చూడాల్సిన పనే లేదు. ఇవతాని నాలుగు దయ్యాలకు నాలుగు గుణాలు పెట్టిన కష్టమంతా వృథా. నాణెం ఖరీదు వల్ల పుట్టిన జాగ్రత్తే ఆ ఆటకు ప్రాణం.

టీవీకి తగిలించే ఆటల పెట్టెతో 'కాంట్రా' ఆడినవారు మన పల్లెల్లోనూ ఉన్నారు. అది కూడా 1987లో నాణెం పెట్టెగానే పుట్టింది. 1988లో ఇంటి ఆటగా వచ్చినప్పుడు మీటలను ఒక వరుసలో నొక్కితే 3 ప్రాణాలు 30 అయ్యే కిటుకు పెట్టారు. ఆ 30తో గట్టెక్కినవారు లక్షల్లో ఉంటారు. మూడింటితో గట్టెక్కినవాడి పేరే స్నేహితుల్లో నిలిచింది.

ఈ సంగతి గ్రహించిన ఆటగాళ్లు తమకు తామే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఒక్క నాణెంతోనే చివరిదాకా వెళ్లాలి. రెండో నాణెం వేస్తే ఓడినట్టే. దీన్ని వాళ్లు 'వన్ క్రెడిట్ క్లియర్' అంటారు. చూసేవారెవరూ లేకపోయినా, మీట బొటనవేలి కిందే ఉన్నా నొక్కకుండా ఉండటం అందులోని పందెం. హ్యామ్‌స్టర్ సంస్థ కూడా తన ఆటల్లో ఇందుకు వీలు కల్పించింది. మామూలు పద్ధతిలో ఎన్ని నాణేలైనా వేసుకోవచ్చు. 'హై స్కోర్' పద్ధతిలో మాత్రం అందరికీ ఒకే అమరిక, ప్రాణాలు అయిపోతే ఆట సరి. వచ్చిన మార్కులు ప్రపంచ పట్టికకు ఎక్కుతాయి. 5 నిమిషాల్లో ఎన్ని మార్కులొస్తాయో తేల్చే పద్ధతి మరొకటుంది.

కొనేవారు చూసుకోవలసినవి

'వేల ఆటలు' అని డబ్బా మీద రాసి ఉన్న చవక యంత్రాలను చూసి మురిసిపోరాదు. 9999 బ్రిక్ గేమ్ పాఠం గుర్తుంచుకోవాలి. మెమరీ కార్డులో నింపి ఇచ్చే ఆటల్లో ఎక్కువ భాగం హక్కుదారుల అనుమతి లేనివే. ఎమ్యులేటర్ తప్పు కాదు, అనుమతి లేని ఆటను అందులో పెట్టడమే చిక్కు. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం కింద కంప్యూటర్ ప్రోగ్రాములకు కూడా రక్షణ ఉంది. ఆట పాతదైనంత మాత్రాన ఎవరి సొత్తూ కాకుండా పోదు. అనుమతితో వచ్చినవి నాలుగు కొనుక్కున్నా అవి చాలాకాలం వస్తాయి.

యంత్రం కొనే ముందు కూడిక గుర్తు మీటను నొక్కి చూడాలి. పైకి నొక్కితే పక్కకు పోయే మీట ఈ ఆటలకు పనికిరాదు. తెరపై బొమ్మను నిలువుగా తిప్పే వీలుందో లేదో అడగాలి.

డబ్బు పోగొట్టే సెల్‌ఫోన్ ఆటలకూ, వీటికీ పోలిక పెట్టి కంగారు పడనక్కర్లేదు. డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. ఈ పాత ఆటలు ఆ కోవలోవి కావు. వీటిలో మనిషి ఒడ్డేది డబ్బు కాదు. అయితే అంతు లేకుండా ఆడే ప్రమాదం వీటికీ ఉంది. ఆ రోజుల్లో జేబులో చిల్లర అయిపోతే పిల్లవాడు తనంతట తానే ఇంటి దారి పట్టేవాడు. ఇప్పుడు ఆ చిల్లర లెక్క ఇంట్లోనే పెట్టుకోవాలి. యంత్రాన్ని పిల్లల చేతికిచ్చే మొదటి రోజే పెద్దలు చెప్పాల్సిన మాట ఒకటుంది: రోజుకు మూడు నాణేలు. అవి అయిపోతే మళ్లీ రేపే.